అసిరమ్మ కేరేజీ

"ఒక్కపాలే లెగిపోకండర్రా. ముందు కూకోండి. కాళ్లు కిందెట్టండి. అప్పుడు లెగండి."

విజయనగరంలో ఆ మానసిక వైద్యశాల మగవాళ్ల వార్డులో రోజూ తెల్లవారేది ఆయా అసిరమ్మ ఈ మాటలతోనే. రాత్రి వేసుకున్న మాత్రలకు పొద్దున్న లేవగానే కళ్లు తిరుగుతాయి. సిస్టర్ సుహాసిని ఒక్కొక్కరికీ పడుకున్నప్పుడోసారి, నిలబెట్టి మరోసారి బీపీ చూసి, పడిపోయేలా ఉన్నవాళ్ల చేతికి పసుపు పట్టీ కడుతుంది. పట్టీ ఉన్నవాళ్ల వెనక చెయ్యి చాచుకుని నడవడం అసిరమ్మ పని. వరినాట్లలో వంగి, ఆ తర్వాత ఈ నేలలు తుడుస్తూ వంగి, ఆమె నడుము ఇప్పుడు నిటారుగా నిలబడమంటే మొరాయిస్తుంది.

గణపతిరావు చేతికీ పసుపు పట్టీ ఉంది. ఆయన నడకకు వంక పెట్టేదేమీ లేదు. చిక్కంతా లేవడంతోనే. ఉద్యోగమంతా తాలూకాఫీసులో బిళ్లబంట్రోతుగా చేశాడు. రిటైరయ్యాక కూడా ఆఫీసరు బెల్లు చెవిలో మోగుతూనే ఉంటే ఇంట్లోవాళ్లు తెచ్చి ఇక్కడ చేర్చారు. డాక్టరు గుమ్మంలో కనిపిస్తే చాలు, దిగ్గున లేస్తాడు, తూలిపోతాడు. "లేవకండి, మీకు దండం పెడతాను," అని నిన్న డాక్టరు బతిమాలితే, "అలాగేనండి బాబూ," అని లేచి నిలబడి మరీ చెప్పాడు.

ఈవేళ రౌండ్సుకు ముందు అసిరమ్మకు ఒక ఉపాయం తోచింది. ఆయన్ని గోడవార కుర్చీలో కూర్చోబెట్టి, తన అన్నం కేరేజీ ఒళ్లో పెట్టింది.

"అన్నియ్యా, ఇందల పులుసున్నాది. నానొచ్చీదాకా సూడు. లెగిస్తే ఒలికిపోతాది."

గణపతిరావు దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. డాక్టరు వచ్చాడు, మాట్లాడాడు, వెళ్లాడు. ఆయన లేవబోయాడు గాని, ఒళ్లో కేరేజీ చూసుకుని కుర్చీ వదల్లేదు. సుహాసిని నవ్వింది. అసిరమ్మకు పట్టరాని సంతోషమేసింది.

"డాట్రుబాబొస్తే లెగలేదు. కోపమొచ్చిందేటో," అన్నాడాయన దిగులుగా.

"నువ్వు డూటీలో ఉన్నావు కదేటి."

"అవును. డూటీ సెప్పినోలే ఆఫీసరు."

"ఇంకేటి, నాను ఆఫీసర్నైపోనాను. బస్సులో కూడా నాకోసం ఎవులూ లెగరు," అని నవ్వుతూ ఆమె కేరేజీ తీసుకుని అన్నానికి వెళ్లింది.

తిన్నాక గిన్నెలు కడుక్కుని, తడి చేతులతోనే తిరిగి వార్డులోకి వచ్చింది. డాక్టరు వచ్చే వేళ కాదు, భయం లేదనుకుంది. గోడవార కుర్చీలోంచి గణపతిరావు ఆమెను చూశాడు. చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"అమ్మగారూ," అంటూ దిగ్గున లేచాడు.

అసిరమ్మ కేరేజీ వదిలేసి చెయ్యి చాచింది. అందలేదు. ఆయన తల మంచం కోడుకు కొట్టుకుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దు వాలాక ఫోనొచ్చింది. "పోయారట, అసిరమ్మా," అంది సుహాసిని. నీ తప్పేమీ లేదని కూడా అంది. అసిరమ్మ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన కోసం లేచిన మనిషి ఆయనొక్కడే.

"నాకెందుకు లెగిసావు, అన్నియ్యా," అంది ఎవరికీ వినబడకుండా.

చీకటి పడ్డాక ఒట్టి చేతులతో బస్సెక్కింది. కింద పడిన కేరేజీని ఎవరో తీసి, మూత పెట్టి, గోడవార ఆ కుర్చీలో పెట్టారు.