కేరాఫ్ బర్కతుల్లా

కాగితం మూలన స్టాంపు అంటించి, బొటనవేలితో నాలుగు అంచులూ అదిమాడు బర్కతుల్లా. ఆ వేలి గోరు చిన్నప్పుడే తలుపు సందులో పడి చీలింది. అప్పట్నించీ చీలినట్టే పెరుగుతోంది. ఆ చీలికలో జిగురు ఎండి తెల్లగా పొలుసు కడుతుంది. సాయంత్రం ఇంటికెళ్లాక భార్య హసన్‌బీ వేణ్ణీళ్లు పెట్టి నానబెడితే గానీ అది వదలదు.

"చదువు మామా, విందాం" అన్నాడు ఎదురుగా కూర్చున్న రాఘవ. కొండాపురం వైపు రైతు. తెల్లారి బస్సుకే దిగాడు.

బర్కతుల్లా చదివాడు. వింటూ వింటూ రాఘవ మొహం ముడుచుకుపోయింది.

"నేను చెప్పింది ఇది గాదు గదా! మా ఊరి రోడ్డు సగంలో ఎందుకు నిలబెట్టినారని అడగమన్నాను. నువ్వేంది, కొలతల పుస్తకం నకలంటావు, మంజూరు కాగితం నకలంటావు?"

"ఎందుకని అడిగితే జవాబు రాదు నాయనా. చట్టంలో ఎందుకుకి చోటు లేదు. వాళ్ల బీరువాలో ఉన్న కాగితం ఇమ్మని అడగాల. అది చేతికొస్తే ఎందుకో నీకే తెలస్తాది."

"మరి ఎందుకని అడిగేదానికి ఇంకే చట్టం ఉండాది?"

"దానికి ఇంట్లో మీ ఆవిడ ఉండాది గదన్నా" అంది జిరాక్సు మిషను అద్దం తుడుస్తున్న అనురాధ. రాఘవ నవ్వి, సంతకం చేసి, లేచాడు.

ఆత్మకూరులో ఆఫీసుల వీధిలో అనురాధ జిరాక్సు కొట్టుంది. దాని ముందు రేకుల నీడలో బర్కతుల్లా బల్ల. అంతకుముందు పాతికేళ్లు దస్తావేజులు రాసేవాళ్ల దగ్గర నకళ్లు తీసే పని చేశాడు. సమాచార హక్కు చట్టం వచ్చాక ఈ అర్జీలకు దిగాడు. అరవై ఎనిమిదేళ్లు నిండాయి. ఉదయగిరి నుంచి రోజూ బస్సు. సన్నటి మనిషి, చొక్కా భుజాల మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంది. వంగి రాసీ రాసీ మెడ వెనక ఎముక ఉసిరికాయంత పైకి తేలింది. రాయనప్పుడు కూడా ఆ తల నిటారుగా నిలవదు.

ఇన్నేళ్లలో ఆయన నేర్చిన విద్య ఒక్కటే. ఏడుస్తూ వచ్చిన మనిషి నోటి నుంచి ఏడుపు తీసేసి, కాగితం పేరు ఒకటి పెట్టడం. "మా అమ్మకి అన్యాయం చేసినారు" అన్నవాడికి "ఫలానా సంవత్సరం అడంగల్ నకలు" అని రాసిస్తాడు. రాసినది వాళ్లకి చదివి వినిపిస్తాడు. వాళ్లు సగం అర్థమై సగం కాక తలూపుతారు. తలలు ఊపించీ ఊపించీ ఆయనకు విసుగొచ్చింది. మానుకుందామంటే ఇంట్లో కూర్చుని చేసేదేముంది?

ఇంకో అలవాటు కూడా ఉంది. కూలికని ఊళ్లు తిరిగేవాళ్లకు, తలుపుకు తాళం పడి ఉండేవాళ్లకు జవాబు ఎక్కడికి రావాలి? అలాంటివాళ్ల అర్జీ కింద "కేరాఫ్ బర్కతుల్లా, ఉదయగిరి" అని రాస్తాడు. అలా ఎందరివో కవర్లు ఆయన గడపకు వస్తాయి. మనిషి ఎదురుగా లేకుండా ఒక్క కవరూ చించడు. జవాబు రాకముందే కన్నుమూసినవాళ్ల కవర్లు నాలుగైదు, అంటించినవి అంటించినట్టే, ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఆ రోజు సోమవారం, అర్జీల రోజు. వీధంతా జనం. బర్కతుల్లా సంచిలో రాహేలమ్మ పేరు మీద వచ్చిన కవరుంది. వచ్చి పదకొండు రోజులైంది. పోయిన సోమవారం ఆమె వచ్చి అడిగితే, రాలేదమ్మా అన్నాడు. అప్పుడూ అది సంచిలోనే ఉంది.

పొద్దున అన్నం గిన్నె సంచిలో పెడుతూ హసన్‌బీ ఆ కవరు చూసింది.

"ఇయ్యాల కూడా అబద్ధమేనా?"

ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు.

"మీ అమ్మకి చదివినట్టు ఈమెకి కూడా చదవతావా?" అంది ఆమె. అని, చీపురు అందుకుంది.

బస్సు మర్రిపాడు దాటేదాకా ఆ మాట చెవిలోనే ఉంది. ఆయన అన్న అన్సార్ లారీ మీద ఉత్తరాదికి పోయి ముప్పై అయిదేళ్లు దాటింది. పోయిన నాలుగో నెలలో లారీ యజమాని దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. ఘాట్‌లో బండి పడింది, అన్సార్ పోయాడు, అక్కడే దఫనం చేశారు, దేవుడి దయ. ఇంట్లో చదవడం వచ్చింది బర్కతుల్లా ఒక్కడికే. అమ్మ ఎదురుగా కూర్చుంది, కొంగు రెండు చేతులతో పట్టుకుని. ఆయన ఉత్తరం విప్పి, అన్న క్షేమంగా ఉన్నాడనీ, అక్కడ చలి ఎక్కువనీ, రొట్టెలు తిని నాలుక చచ్చిపోయిందనీ చదివాడు.

అమ్మ ప్రతి శుక్రవారం ఆ ఉత్తరం మళ్లీ చదవమనేది. చదివేవాడు. ఒకసారి చలి మాట మరిచిపోతే, "చలని రాసినాడే, అది ఇడిసిపెట్టినావేంది" అని ఆపింది. ఆ రోజు నుంచి తన అబద్ధాన్ని తనే కంఠస్థం చేశాడు. పదకొండేళ్లు, ప్రతి శుక్రవారం. అమ్మ పోయే ముందు రోజు కూడా, "వాడికి రగ్గు పంపినావా?" అనే అడిగింది.

రాహేలమ్మ పదకొండు గంటలకు వచ్చింది. వింజమూరు అవతల చిన్న పల్లె ఆమెది. యాభై అయిదేళ్లుంటాయి. నాట్లు వేసే ఆడవాళ్ల వేళ్లు, నీళ్లకు ఒరుసుకుపోయి గోళ్లు సగమే ఉంటాయి. ఎండలో నడిచి వచ్చినందుకు పైపెదవి మీద చెమట. ఆమె భర్త వెంగయ్య నిరుడు సంగం కింది కాలవ పల్లెల్లోకి వరికోతలకు పోయాడు. కూలీల ముఠా తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ముందు రోజే ఏదో మాట పట్టింపు వచ్చి విడిగా పోయాడని వాళ్లు చెప్పారు.

"వచ్చిందా సాయిబన్నా?"

ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. చేతికి అన్నం గిన్నె తగిలింది, తర్వాత కవరు. లోపల మామూలు కాగితాల మధ్య ఒకటి మందంగా, వంగకుండా ఉంది. పదకొండు రోజులుగా ఆయన వేళ్లకు ఆ మందం తెలుసు.

"వచ్చింది. కూర్చోమ్మా."

"కూర్చుంటాలే. ఏడ పని చేస్తా ఉండాడంట?" అంది. గొంతులో కోపం కూడా ఉంది, దొరికిన మనిషి మీద ముందుగానే సిద్ధం చేసుకున్న కోపం.

బర్కతుల్లా కవరు బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచాడు.

"రాహేలమ్మా, అర్జీలో నేనొకటి రాసినాను. నీకు చదివి చెప్పలా."

"చదివినావు గదా. మా ఆయన ఆచూకీ చెప్పమని."

"నోటితో అది చదివినా. కాగితం మీద వేరే ఉండాది."

అనురాధ మిషను ఆపింది.

ఆయన దగ్గర ప్రతి అర్జీకీ నకలుంటుంది. అది తీసి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఫలానా తేదీ మొదలు ఫలానా తేదీ వరకు మీ స్టేషను పరిధిలో లభించిన గుర్తు తెలియని పురుషుల మృతదేహాల వివరాలు, ఫొటోల నకళ్లు ఇప్పించగలరు.

రాహేలమ్మకి మృతదేహం అన్న మాట దగ్గరే అర్థమైంది. మిగతాది వినలేదు.

"దాని కింద నా వేలిముద్ర ఏపిచ్చినావా?" అంది మెల్లగా. "నేను బతికున్నోడి కోసరం వస్తే, నా చేత ఆయన్ని చచ్చినోళ్లల్లో ఎతికిచ్చినావా?"

"బతికున్నోళ్ల కాగితం ఏ ఆఫీసులోనూ ఉండదమ్మా. దొరికినోళ్లదే ఉంటాది. నిజం చెప్తే నువ్వు ముద్ర ఎయ్యవని..."

"ఎయ్యను. ఎందుకేస్తాను?"

ఆయన తల మామూలు కంటే ఇంకొంచెం వంగింది.

"నీ పేరు మీద వచ్చింది, నీది. తెరవబాకు అంటే తెరవను. తీసకపోతానంటే తీసకపో."

వీధిలో ఎవరో మైకులో టోకెన్ల నంబర్లు పిలుస్తున్నారు. రాహేలమ్మ బెంచీ మీద కూర్చుంది. చాలాసేపు కవరునే చూసింది, కుక్క కరుస్తుందో కరవదో చూసినట్టు. బర్కతుల్లా అలవాటుకొద్దీ కత్తెర అందుకోబోయాడు.

"నువ్వొద్దు" అంది. "నువ్వు నోటితో ఒకటి చదవతావు, ఆడ ఒకటుంటాది. ఆ పిల్ల చదవతాది."

ఎవరూ ఆయన్ని ఎప్పుడూ ఆ మాట అనలేదు. అనవలసిన అమ్మ, నిజం తెలియకుండానే పోయింది. ఆయన లేచి, అనురాధకు చోటిచ్చి, మిషను పక్కన నిలబడ్డాడు.

అనురాధ చేతులు చీరకు తుడుచుకుని కవరు చించింది. మూడు కాగితాలు, మధ్యలో ఒక ఫొటో. రెండు కాదని పక్కన పెట్టింది, వయసులు కుదరలేదు. మూడోది చదవసాగింది. పురుషుడు, సుమారు యాభై ఎనిమిది, చామనఛాయ, ముందు పళ్లు రెండు లేవు, ఎడమ మోచేతి మీద పాత కాలిన మచ్చ.

"బెల్లం పాకం" అంది రాహేలమ్మ. "మా పెండ్లైన కొత్తల్లో గానుగ కాడ పడింది. నేనే పసుపు పూసినా."

అనురాధ ఆగిపోయింది. ఫొటో తిరగేసి పట్టుకుంది. రాహేలమ్మ చెయ్యి చాచింది.

అందరూ ఏడుస్తుందనుకున్నారు. ఆమె ఫొటోను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని, ఎండ తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది.

"నిద్దరలో కూడా ఇట్నే నోరు తెరుచుకోని పండుకుంటాడు. ఈగలు దూరతాయని నేను తిట్టేదాన్ని."

కాలవ గట్టు మీద పడి ఉన్నాడనీ, ఒంటి మీద దెబ్బలు లేవనీ, గుండె ఆగిందని డాక్టరు రాశాడనీ, నెలాఖరున పూడ్చారనీ, చోటు ఫలానా అనీ అనురాధ మిగతాది చదివింది.

"ప్రార్థన చేసినారా అని రాసుండాదా?"

"లేదు పిన్నీ."

"సాయిబన్నా, అది అడిగితే చెప్తారా?"

ఎవరికైనా చెప్పే మాటే, అది కాగితంలో ఉండదని. ఈసారి బర్కతుల్లా ఊరికే తల అడ్డంగా ఊపాడు.

ఆమె కాగితాలు మడిచి రవికెలో పెట్టుకుంది. ఫొటో మడవలేక చేతిలోనే ఉంచుకుంది. రెండడుగులు వేసి, ఆగింది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"పదకొండు దినాలయింది."

"పోయిన సోమవారం రాలేదంటివే."

"అంటిని."

"ఇన్ని దినాలు నా ఏడుపు నీ సంచిలో పెట్టుకోని తిరిగినావా?" అంది. తిట్టినట్టు లేదు. బరువు మోసిన మనిషిని పలకరించినట్టూ లేదు. ఆ రెంటికీ మధ్య ఏదో. వింజమూరు బస్సు అప్పుడే మలుపు తిరిగింది. ఆమె చెయ్యెత్తింది, ఫొటో ఉన్న చెయ్యే. బస్సు ఆగింది, ఎక్కింది, పోయింది. ఏ కిటికీలో కూర్చుందో ఆయనకు కనబడలేదు.

ఆ పూట ఇంకా ఏడుగురొచ్చారు. ఏడు అర్జీలు రాశాడు. అన్నం గిన్నె విప్పలేదు. "తినకపోతే అవ్వ నన్ను తిడతాది తాతా" అని అనురాధ రెండుసార్లంది. ఒక ముసలాయన కేరాఫ్ నీదే రాయమన్నాడు. బర్కతుల్లా కలం ఎత్తిపట్టుకుని కాసేపు ఆలోచించి, రాశాడు. రాసిన తర్వాత ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి చదివి వినిపిస్తే, ముసలాయనే విసుక్కున్నాడు. "ఎంతసేపు సామీ, బస్సు పోతాది."

అయిదింటికి ఆఫీసులు మూసేశారు. వీధిలో కాగితం ముక్కలు, టీ కప్పులు మిగిలాయి. అనురాధ షట్టరు సగం దించి, బెంచీ జరిపి ఊడవబోయి, "తాతా, ఇదెవరిది?" అంది.

ప్లాస్టిక్ సంచి. రాహేలమ్మ వచ్చేటప్పుడు చేతిలో ఏముందో ఆయన చూడనేలేదు, ఆయన చూపంతా కవరు మీదే ఉండింది. క్రిస్మస్ ఇంకో పదిహేను రోజులుందనగా, బజారు మీదుగా నడిచి వచ్చినట్టుంది. లోపల మగవాళ్ల లుంగీ, ఆకుపచ్చ గళ్లది, మడత విప్పనిది, కొట్టువాడి చీటీ అంచుకు ఇంకా అంటుకునే ఉంది.