పిట్టకు పెట్టిన బీరు

దశరథం పోయిన మూడోనాడు ఆయన పేరున పిట్టకు, అంటే కాకికి, పెడుతున్నారు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో చేసి చేసి అలసిపోయిన మనిషి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ అక్క బుచ్చవ్వ దగ్గరుండి వండించింది. పిట్ట ముట్టకముందే ఎంగిలి కాకూడదని కూరలో ఉప్పు కూడా ఎవరినీ చూడనివ్వలేదు. కూతురు నవత మాత్రం బెంగళూరు నుంచి మామిడిపండ్ల బీరు సీసా తెచ్చింది. అక్కడి చిన్న కంపెనీలో దాన్ని తయారుచేసేది తనే. బాపుకు ఒక్కసారైనా తాగించాలని ఎంత అనుకుందో! ఆయన ఉండగా కుదరనే లేదు.

ఆ సీసా శ్మశానానికి పట్టుకొచ్చే పని పెదనాయిన కొడుకు లక్ష్మణ్‌కు పడింది. ఇంకేముంది! బీర్లు తాగి, ఫోన్లో వీడియో తీసి, స్టార్లిచ్చే పిచ్చి వాడిది. ఇలాంటి సరుకు ఇక్కడి వైన్స్‌లో దొరుకుతుందా? అందరూ ముందు నడుస్తుంటే తుమ్మచెట్ల చాటుకు తప్పుకుని, మూత తీసి రెండు గుక్కలు లాగాడు. మామిడి వాసన ముక్కుకెక్కింది, చివర్లో సన్నటి పులుపు తగిలింది. అబ్బ, ఏం రుచి! అయినా మెచ్చుకుంటే తన గొప్పేముందని, "పులుపెక్కువైంది, అయిదుల రెండు స్టార్లే" అంటూ వీడియో పెట్టేశాడు బుద్ధిలేనివాడు. మిగిలింది తెచ్చి విస్తరి పక్కన దొప్పలో పోశాడు.

ఎండ ముదిరింది. కాకులు కొమ్మల మీద అరుస్తున్నాయే గానీ ఒక్కటీ దిగలేదు.

"తమ్మీ, నీ మనసుల ఏమున్నదిరా? నీ పెండ్లాన్ని మేం జూసుకుంటం, రారా!" అని బుచ్చవ్వ బతిమాలింది. అయినా దిగలేదు. ఆమె నవత వైపు తిరిగింది. "ఆడివిల్ల బీరు జేస్తదంటే వానికి నలుగుట్ల తల కొట్టేసినట్టయింది. గదే గోస. ఆ పని ఇడిశిపెడ్తనని మాటియ్యి బిడ్డా!"

లక్ష్మణ్‌కు సంగతి అర్థమైంది. ఎంగిలి చేసింది తను, నింద పడింది చెల్లె మీద. ఒక్క మాట చెబితే చాలు. కానీ దాయాదులైన పాలోళ్లందరూ చుట్టూ ఉన్నారు, ముఖాన ఉమ్మేస్తారు. సిగ్గుతో తల వంచుకుని బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

నవత దండం పెట్టింది. "ఇడిశిపెడ్త బాపూ. ఈడికే వచ్చి నన్ను గన్న అవ్వ తాన ఉంట."

అప్పుడు ఒక కాకి దిగి మెతుకులు ముట్టింది. "సూసిండ్రా, గదే ఉండె వాని మనసుల!" అని బుచ్చవ్వ కళ్లొత్తుకుంది.

బోరింగు దగ్గర కాళ్లు కడుక్కునేటప్పుడు లక్ష్మణ్ నవతకు అంతా చెప్పేశాడు, వీడియో సంగతితో సహా.

"గిప్పుడా అన్నా జెప్పేది? బాపుకు మాటిచ్చేసిన."

"అందరికి జెప్త. తన్నినా సరే."

"పిట్ట ముట్టినంక ఎవలింటరు?" నవత బోరింగు కొట్టడం ఆపింది. "బాపైతే తాగలే. మనింట్ల నువ్వొక్కనివే తాగినవ్. నిజం జెప్పు, ఎట్లుండె?"

లక్ష్మణ్ ఆమె ముఖం చూడలేకపోయాడు. "మంచిగుండె చెల్లె. శాన మంచిగుండె."

పొద్దుటి నుంచి కంటతడి పెట్టని నవత బోరింగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.