దేవకృప కొత్త పొయ్యి

నిప్పంటే బెదరని మగాడు సీతాఫల్‌మండిలో తానొక్కడేననీ, ఏడుసార్లు నిప్పులగుండం తొక్కాననీ తాతబ్బాయి చెప్పుకునేవాడు. పక్కింటి దేవకృప ఇల్లు కాలిపోతే, ఆమెనూ పిల్లలనూ తన ముందుగదిలో ఉంచుకున్నాడు. నెల తిరిగాక వాళ్ళకు అద్దెగది దొరికింది. కొత్త పొయ్యికి పొరుగింటి నిప్పే పెట్టాలని, తన వంటింట్లో వెలిగించిన దీపం పట్టుకెళ్ళాడు.

దేవకృప పొయ్యి దగ్గర బిగుసుకుపోయింది. "చేతులు వణుకుతున్నయ్ తాతా. పిల్లలకు ఎట్ల వండాలె?"

"నాకూ వణుకేనమ్మా. గుండం తొక్కినోడు మా అన్న. నాను చెట్టెక్కి కూకున్నాను."

"ఏడుసార్లన్నవ్ గద!"

"ఏడుసార్లూ ఎక్కాను."

ఆమె నవ్వేసింది. ఇద్దరూ ఒకే దీపం పట్టుకుని పొయ్యి వెలిగించారు. అప్పుడు, ఇంటితోపాటు కాలిపోయిన గోడగడియారం ఆ గదిలో నాలుగు కొట్టింది.

గడియారం ఈ కథ చెప్తున్న నేను కల్పించిందే. కొత్తగా సున్నం వేసిన ఆ అద్దెగది గోడల్లోంచి వాళ్ళిద్దరికీ వచ్చిన, కాలిపోయిన ఇంటి పొగవాసన మాత్రం నిజం.