చేసినవాళ్ల గుర్తు

"ఆకుల కడియం ఎంతవరకు వచ్చిందోయ్? అలాగే టీ కూడా పెట్టెయ్!" అని భర్త దుకాణంలోంచి కేకేశాడు.

దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక్క తెరే అడ్డం. ఆ తెర వెనక ఆమె ఊదుగొట్టంతో సన్నటి బంగారు ఆకుల్ని కడియానికి అతుకుతోంది. పక్కనే స్టవ్ మీద పాలు. మంట తగ్గితే ఆకు అతుక్కోదు, పెరిగితే కరిగిపోతుంది. పాల సంగతీ అంతే. రెండు మంటలకూ ఆమే కాపలా.

పెళ్లయిన కొత్తలో పని నేర్పింది మామగారే. భూతద్దం చేతికిచ్చి చూపించారు. "ఈ అంకె బంగారం ఎంత మేలిమో చెబుతుందమ్మా. పరీక్షాకేంద్రం వాళ్లు వేస్తారు. పక్కనున్న చిన్న గుర్తు మాత్రం చేసినవాళ్లది. రేపు అతుకు ఊడితే ఎవర్ని నిలదీయాలో చెప్పేది అదే." ఆయన పోయాక ఆ గుర్తు చెక్కిన ఉక్కు అచ్చు కొడుక్కి వచ్చింది, పనంతా కోడలి నెత్తిన పడింది. ఊదుగొట్టం పట్టే ఓపిక భర్తకు ఏనాడూ లేదు. గల్లా దగ్గర కూర్చుని, చివర్లో అచ్చు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఆయన పని అయిపోయినట్టే.

మొన్న ఒకావిడ అతుకు ఊడిన గాజు తెచ్చినప్పుడు, "మా ఆవిడకు అప్పజెప్పానండీ, ఆడవాళ్ల పని తెలిసిందేగా!" అని నవ్వాడు. ఈ కడియం చేయించుకుంటున్న డాక్టరమ్మతో పొద్దున అదే నోటితో, "మా నాన్నగారి పనితనమంతా నాకొచ్చిందండీ" అన్నాడు. తెర వెనక ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఉండబట్టలేక అత్తగారితో అంటే, "మొగుడికి పేరొస్తే నీకు వచ్చినట్టు కాదా? ఇంట్లో వాటాలేంటమ్మా?" అంది. మాటలు పడే వాటా మాత్రం ఎప్పుడూ తనకే ఎందుకు వస్తుందో ఆవిడ చెప్పలేదు.

సాయంత్రానికి కడియం పూర్తయింది. పరీక్షకు పంపేముందు ఓసారి చూస్తానని డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. భర్త లోపలికొచ్చి, కడియం లోపలి వైపు అచ్చు ఆనించి సుత్తి ఎత్తాడు. అంతలో ఫోన్ మోగింది. అచ్చు జారి, గుర్తు ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడింది.

"ఛ! దీన్ని అరగదీసి నువ్వే కొట్టి తీసుకురా. నీ వల్లే ఆలస్యమైందని ఆవిడకు చెప్తాలే" అని అచ్చు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె అరగదీసింది. భర్త గుర్తు చెరిగిపోయి ఆ చోటు నున్నగా మెరిసింది. అచ్చు ఆనించింది, సుత్తి కూడా ఎత్తింది. చెయ్యి దిగలేదు. సుత్తి పక్కన పెట్టి, స్టవ్ కట్టేసి, తెర తప్పించుకుని దుకాణంలోకి నడిచింది. అచ్చు భర్త ముందు, కడియం డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"దీని మీద చేసినవాళ్ల గుర్తు ఇంకా పడలేదండీ. రేపు కేంద్రానికెళ్లి నా గుర్తు నమోదు చేయించుకుంటాను. అది వచ్చాకే పరీక్షకు పంపుతాను. కాస్త ఆగాలి."

"ఏంటీ తమాషా?" అన్నాడు భర్త.

డాక్టరమ్మ కడియాన్ని తిప్పి చూస్తూ, "రేపు అతుకు ఊడితే?" అంది.

"నన్నే అడగండి. ఇన్నాళ్లూ అడిగింది నన్నేగా."