రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

తిరుమల్ లిఫ్టులు బాగుచేస్తాడు. పదకొండేళ్లుగా అదే పని. మోటారు చప్పుడు వినే ఎక్కడ తేడా ఉందో పట్టేస్తాడని కంపెనీలో పేరు. కానీ కస్టమర్లు రాసిచ్చే కాగితాల్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "పని బాగుంది. మనిషి నోరు విప్పడు."

ఇలాంటివాళ్ల కోసమే కంపెనీ శనివారం పొద్దున క్లాసులు పెట్టింది. కస్టమర్లతో ఎలా మాట్లాడాలో ఝాన్సీలక్ష్మి అనే ట్రైనర్ నేర్పేది. మొదటి రోజే తిరుమల్‌ని ముందుకు పిలిచి, అతనితో పనిచేసే హదస్సాను కస్టమర్‌గా నటించమంది.

"మా లిఫ్టు వారంల మూడుసార్లు ఆగింది. ఏం చేస్తున్నరు మీరు?" హదస్సా నిజంగానే గద్దించింది.

తిరుమల్ ఆమె చెప్పులకేసి చూస్తూ, "చూస్తా మేడం" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. అతనూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఫరవాలేదండీ," అంది ఝాన్సీలక్ష్మి. "మీ చేతుల్లో మంచి పనితనముంది. కానీ లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి మీ చేతులు కనబడవు. మీ మాట ఒక్కటే చేరుతుంది."

బయటికొచ్చాక, "మాటలతోని లిఫ్టు నడుస్తదా?" అని గొణిగాడు తిరుమల్.

మంగళవారం పదకొండింటికి యాప్రాల్‌లోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఫోనొచ్చింది. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ ఒక్కతే ఉంది. నేరేడ్‌మెట్‌లో వేరే పని మీదున్న తిరుమల్, హదస్సా బండి మీద పది నిమిషాల్లో వచ్చేశారు.

లోపలున్నది మొదటి అంతస్తు ఖమర్ బీ. మనవరాలు షీబాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఎండు ఆప్రికాట్ల తీపి, ఖుబానీ కా మీఠా చేసి, నాలుగో అంతస్తులో ఉండే స్నేహితురాలు శ్యామలమ్మకు గిన్నెతో తీసుకెళ్తోంది. ఆ శ్యామలమ్మ ఇప్పుడు మూడో అంతస్తు లిఫ్టు తలుపు ముందు నిలబడి ఏడుస్తోంది.

"అయిదు నిమిషాలమ్మా, తీస్తం!" అని తలుపులోంచి ఒక కేక వేసి, తిరుమల్ హదస్సాను మేడ మీది మోటారు గదికి పంపాడు. ఆమె అక్కణ్నుంచి ఫోన్ చేసింది. గదికి తాళం ఉంది. తాళంచెవి అపార్ట్‌మెంట్ సెక్రటరీ నరసరాజు దగ్గరుంది. ఆయనేమో ఏ.ఎస్. రావు నగర్‌లో కూరగాయలు కొంటున్నాడు.

తిరుమల్ అలవాటు ప్రకారం మౌనంగా నిలబడ్డాడు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది.

"అయిదు నిమిషాలన్నవ్ గద బేటా! పన్నెండు నిమిషాలైనయి. నా చేతికి గడియారం ఉంది."

"అయ్యో అక్కా, లోపల గాలాడ్తుందో లేదో!" అంది శ్యామలమ్మ. అంతే, లోపల ఖమర్ బీ ఊపిరి గట్టిగా తీయడం బయటికి వినపడింది.

తిరుమల్‌కు ఆ శబ్దం తెలుసు. భయం. చేతిలో ఇన్ని పనిముట్లున్నాయి, ఒక్కటీ అక్కరకు రాదు. అప్పుడు శనివారం నాటి మాట గుర్తొచ్చింది. తలుపుకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు.

"తప్పైందమ్మా. తెల్వకుండనే అయిదు నిమిషాలన్న. నిజం చెప్తా, ఇనుండ్రి. పైన రూముకు తాళం ఉంది. నరసరాజు సారు తాళంచెవి పట్టుకొని వస్తుండు. ఇంకో ఇరవై నిమిషాలు పట్టొచ్చు. గాలికి ఫికర్ లేదు, లిఫ్టుకు పైనా కిందా సందులుంటయి. తాళ్లు ఉక్కువి, నాలుగున్నయి. ఒక్కటున్నా మిమ్ముల మోస్తది."

లోపల గిన్నె మూత సర్దిన చప్పుడైంది.

"నన్ను సరే. గిన్నెను సుత మోస్తదా?"

తిరుమల్ పక్కున నవ్వాడు. "మోస్తదమ్మా. నేను ఈడనే ఉంటా, ఎటూ పోను."

తర్వాత శ్యామలమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "అమ్మా, మీరు ఏడిస్తే ఆమె పరేషాన్ అయితది. జెర ముచ్చట పెట్టుండ్రి."

శ్యామలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏందక్కా, ఈసారన్నా చక్కెర తక్కువేసినవా?"

"నీకు షుగరని ఊరందరికీ చప్పటిది పెడ్తనా? నీది వేరే చేసి ఈ గిన్నెల తెచ్చిన!"

తలుపుకు ఇటొకరూ అటొకరూ ఖుబానీలు రాత్రంతా నానబెట్టాలా, ఒక్క పూటైతే చాలా అని వాదించుకుంటుంటే చూడవచ్చిన పిల్లా పెద్దా అంతా నవ్వసాగారు. తిరుమల్ మధ్యమధ్యలో, "సారు చౌరస్తా దాటిండంట, ఇంకో పది నిమిషాలు" అని కబురు చెబుతూనే ఉన్నాడు.

నరసరాజు రొప్పుతూ వచ్చాడు. హదస్సా గది తెరిచింది.

"అమ్మా, ఇప్పుడు లైటు పోతది, మేమే తీస్తున్నం. తర్వాత లిఫ్టు మెల్లగ కిందికి జరుగుతది. అది పడుడు కాదు, పైన మా హదస్సా చేత్తోని దించుతది. నేను రెండో అంతస్తుకు దిగుతున్న, పదహారు మెట్లు. మీరు పదహారు లెక్కపెట్టుండ్రి, మళ్ల నా గొంతు ఇనబడ్తది."

"ఒకటి... రెండు..." చీకట్లోంచి ఖమర్ బీ గట్టిగా లెక్కపెట్టింది. పదిహేను దగ్గరే తిరుమల్ "వచ్చినమ్మా!" అన్నాడు. లిఫ్టు కొద్దికొద్దిగా దిగింది. అతను తలుపు తెరిచాడు. ఆవిడ బయటికొచ్చి, ముందు గిన్నె అతని చేతికిచ్చి, తర్వాత తల నిమిరింది.

గంటన్నరలో కాలిపోయిన భాగం మార్చేశారు. సామాన్లు సర్దుతున్న తిరుమల్ ఆగి నరసరాజు దగ్గరికెళ్లాడు. మామూలుగా అయితే ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు.

"సార్, మిమ్ముల తప్పు పడ్తలేను. కానీ ఆమెకు గుండె జబ్బుంటే ఆ ఇరవై నిమిషాలు శానా ఎక్కువ. ఇంకో తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండాలె. ఈరోజే చేయించుండ్రి."

నరసరాజు తల దించుకుని, "నిజమే తమ్ముడూ, సాయంత్రానికల్లా చేయిస్త" అన్నాడు. హదస్సా కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

ఖమర్ బీకి మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కడం కష్టం. లిఫ్టు ముందు నిలబడి తటపటాయిస్తోంది.

"నేను దీంట్లనే నాలుగుసార్లు కిందికీ మీదికీ తిరిగొచ్చినమ్మా," అన్నాడు తిరుమల్. "మనసొప్పకపోతే వద్దు, చెయ్యి పట్టుకొని మెట్లెక్కిస్తా. ఎట్లంటే అట్ల."

ఆవిడ ఒక క్షణం ఆలోచించింది. "నువ్వు సుత లోపలికొస్తవా?"

"వస్తా."

"అయితే పా."

గిన్నెతో ఇద్దరూ ఎక్కారు. నాలుగో నంబరు ఆవిడే నొక్కింది. తలుపులు మూసుకోగానే హదస్సా, నరసరాజు, శ్యామలమ్మ, పిల్లలూ అందరూ వాళ్ల కంటే ముందు చేరాలని మెట్లమీద పరుగందుకున్నారు.