వేలెత్తి చూపకూడదు

మా అక్క హెర్మీనాకు దారి చెప్పడమంటే పెళ్లికి పిలవడమంత పని. ఎవరైనా పోస్టాఫీసు ఎక్కడని అడిగితే చాలు, ముందు నమస్కారం, తర్వాత “దయచేసి తమరు”, ఆ పైన మలుపుల వివరం, చివర ప్రయాణం సుఖంగా సాగాలన్న దీవెన. చెయ్యి మాత్రం లేవదు. బళ్లో టీచరుగా ఉన్నంతకాలం పిల్లలకు అదే నూరిపోసింది. వేలెత్తి చూపడం మోటుతనం, దేవుడు నోరిచ్చింది ఎందుకు? నేనైతే గడ్డంతో చూపించి నా దారిన నేను పోతాను. అందుకే నాకు మర్యాద తెలియదని ఆవిడగారి తీర్పు.

ఆ ఆగస్టు శనివారం సంత నిండా ప్లమ్ పళ్లు, పళ్ల నిండా కందిరీగలు. సంచులు మోసుకుని రోడ్డు మీదికి వచ్చామో లేదో, ఒక కారు కీచుమంటూ మా పక్కనే ఆగింది. నడిపేవాడు కుర్రాడు. వెనక సీట్లో ఆరేడేళ్ల పిల్ల. పెదవులు ఉబ్బిపోయాయి. రెండు చేతులా మెడ పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటోంది, తీసిన ప్రతి ఊపిరికీ ఈల వేసినట్టు చప్పుడు. పక్కన మూత తీసిన కోఫోలా కూల్‌డ్రింకు సీసా. కందిరీగ తాగేదాంట్లో పడి గొంతులో కుట్టిందని వేరే చెప్పాలా?

ఆసుపత్రి ఎటు అని అతను సెర్బియా భాషలో అడిగాడు. ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చినవాడై ఉంటాడు. ఫోను ఇంట్లోనే వదిలేసి పరుగెత్తుకొచ్చాడట. వాళ్ల మాటా మా స్లొవాక్ మాటా దాయాదులే కనుక అర్థమైంది.

అంత గాభరాలోనూ మా అక్క నమస్కారం మానలేదు. నాకు ఒళ్లు మండింది.

“తమరు దయచేసి ఆ చర్చి దగ్గర్నుంచి వ్‌ప్రావో వెళ్లండి బాబూ” అంది, చేతులు సంచి మీదే పెట్టుకుని.

“ప్రావో, ప్రావో” అని తల ఊపి అతను కారు దూకించాడు. నా కళ్లు ఆ పిల్ల మెడ మీదే ఉండిపోయాయి. ఎప్పుడూ ఊరుకోని నా గడ్డం కూడా కదల్లేదు.

కారు చర్చి దాటింది. అక్క చెప్పినట్టు కుడివైపు తిరగలేదు. తిన్నగా పోయింది.

“ఎందుకు తిరగలేదే?” అంది అక్క. మరుక్షణం ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. “విల్మా, మీ ఎమిల్... ఆ శ్మశానం!”

నాకూ గుర్తొచ్చింది. ఒకసారి వేసవిలో అందరం క్రొయేషియా సముద్రానికి వెళ్లాం. సముద్రం ఎటని మా ఆయన ఎమిల్ ఒక ముసలమ్మను అడిగితే ఆమె “ప్రావో” అంది. ఆయన స్టీరింగు కుడివైపు తిప్పి, మమ్మల్ని తీసుకెళ్లి శ్మశానం గేటు ముందు దించాడు. మాకు కుడి అయిన మాట అక్కడ తిన్నగా. సెర్బియాలోనూ అంతే. ప్రతి క్రిస్మస్‌కూ ఆ సంగతి చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. ఇక జన్మలో నవ్వను.

తిన్నగా పోతే రైల్వే గేటు. గేటు దాటితే అడవి రోడ్డు. బండి తిప్పుకునే చోటుండదు, అడగడానికి మనిషుండడు. గేటు లేచి ఉందంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే.

అప్పుడే గేటు గంట మోగింది. దుంగల గూడ్సు బండి వస్తోంది. గేటు పడింది, కారు ఆగింది. మేం పరుగెత్తాం. నా సంచి ఎక్కడ జారిందో తెలియదు. దేవుడా, ఈ ఒక్క బండినీ పొడుగ్గా చెయ్యి అని మొక్కుకున్నాను. నేను సగంలో చతికిలబడ్డాను. మెట్లెక్కాలంటే మోకాలు నొప్పని మూలిగే మా అక్క మాత్రం వెనక్కి చూడకుండా పోయింది.

ఆఖరి పెట్టె దాటింది. గంట ఆగింది. గేటు లేస్తోంది. కారు కదిలింది. అక్క వెళ్లి దాని ముందు పడి, రెండు చేతులూ బానెట్ మీద వేసింది.

“వెనక్కి తిప్పరా!” అని అరిచింది. “నువ్వే! అటు! అటు!”

ముక్కూ మొహం తెలియని మగవాణ్ణి నడివీధిలో “నువ్వు” అంది. చెయ్యి భుజం దాకా చాపి, వేలు చర్చి వైపు గురిపెట్టింది. అతను వెర్రిచూపులు చూస్తుంటే వెనక తలుపు తీసుకుని ఎక్కేసింది. కారు వెనక్కి తిరిగి నన్ను దాటినప్పుడు కిటికీలోంచి ఆ వేలు ఇంకా బయటికే ఉంది. పిల్ల ఈల మాత్రం వినిపించలేదు.

చర్చి మెట్ల మీద కూలబడ్డాను. అన్నదమ్ముల భాషలట, నా తలకాయ. ఈల వినపడలేదంటే ఊపిరి తీయడం లేదనేగా? మధ్యాహ్నం గంటలు మోగుతుంటే ఎవరికో చావుగంట కొడుతున్నట్టనిపించి చెవులు మూసుకున్నాను.

చాలాసేపటికి అక్క నడుచుకుంటూ వచ్చింది. నా పక్కన కూర్చుని చెప్పింది. ఆసుపత్రి గుమ్మంలోనే ఇంజెక్షన్ పొడిచారట. కాసేపటికి ఊపిరి ఆడిందట. గొంతు పెగల్లేదు గానీ, దారి ఎవరు చూపించారని నర్సు అడిగితే ఆ పిల్ల మంచం మీంచే అక్క వైపు వేలెత్తి చూపించిందట.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “మరి వేలు దించమని చెప్పలేదా, టీచరమ్మా?”

అక్క ఒళ్లో ఉన్న తన చేతుల వైపు చూసుకుంది.

“ఆ వేలు పట్టుకునే కూర్చున్నానే, ఇంతసేపూ.”