నాలుగు మార్కులు తగ్గిన హెడ్‌ఫోన్

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. మనిషి గొంతు వినిపించినందుకు నన్ను ఇంట్లోంచి పంపేశారు. ఇది అనుమానం కాదు, ఫిర్యాదూ కాదు. నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసి ఉంది.

నా పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు. సముద్రాలకవతల ఒక చల్లటి ఊళ్ళో ఒకావిడ కంటికి భూతద్దం పెట్టుకుని, వెంట్రుక కన్నా సన్నటి రాగితీగతో నా గుండెకాయ చుట్టింది. రోజుకి ఆరింటికి మించి చుట్టేది కాదు. ఏడోదానికి చెయ్యి వణుకుతుందని ఆవిడకి తెలుసు. తన చెయ్యి ఎప్పుడు వణుకుతుందో తెలిసిన మనిషిని ఆ తర్వాత నేను మళ్ళీ చూడలేదు.

తలకి ఆనే చోట తోలు వేశారు. చెవికి ఆనే చోట మఖమలు వేశారు. వీపు మాత్రం మూయలేదు. సన్నటి జల్లెడ బిగించి వదిలేశారు. అది లోపం కాదు. మూతపెట్టిన గిన్నెలో మోగినట్టు కాకుండా, ఎదురుగా కూర్చుని పాడినట్టు వినిపించాలని అలా చేశారు. అందువల్ల లోపలి పాట కాస్త బయటికి పోతుంది, బయటి మాట కాస్త లోపలికి వస్తుంది. ఈ సంగతి నా డబ్బా మీదే రాసి ఉంది. డబ్బా మీద రాసింది చదివేవాళ్ళు తక్కువ.

విశాఖపట్నం ద్వారకానగర్లో, మేడ మీద, పెంటకోట నూకరాజు షాపులో నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. నా పక్కన ఇంకొకడు ఉండేవాడు. నల్లగా, బరువుగా, నాలుగు పక్కలా మూసుకుని ఉండేవాడు. వాడు చెవులకి ఎక్కితే మనిషికీ లోకానికీ సంబంధం తెగిపోతుంది. వాడి కంపెనీ వాడికి పెట్టిన పేరు పొడుగు. నేను మూతగాడు అంటాను.

ఆ షాపులో ఆరు నెలలు రకరకాల తలలెక్కాను. వచ్చినవాళ్ళెవరూ పాట వినలేదు. అందరూ నన్ను విన్నారు. పాటలో మొదటి పదిహేను సెకన్లు విని, ఆపి, మూతగాణ్ణి తగిలించుకుని, మళ్ళీ అదే పదిహేను సెకన్లు వినేవారు. ఒకాయన కళ్ళు మూసుకుని, "ఆహా, ఎంత విశాలంగా ఉందండీ!" అన్నాడు.

"ఉండండి సార్, తీగ ఇంకా తగిలించలేదు," అన్నాడు నూకరాజు.

ఆయన కళ్ళు తెరవలేదు. "అయినా తెలిసిపోతుంది," అన్నాడు.

ఒక రోజు గుమ్మళ్ళ ధనంజయరావు వచ్చారు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరరు. ముప్పై ఏళ్ళు వేసవి సెలవుల్లో పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. జేబులో ఇప్పటికీ ఎర్ర పెన్ను ఉంటుంది. నూకరాజు ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"గుర్తుపట్టారా సార్? నూకరాజుని. ఫస్టియర్ ఫిజిక్సులో నాకు ముప్పైనాలుగేసేరు."

"పేపర్ల మీద పేర్లుండవయ్యా. ఎవరికెంత వేశానో నాకెలా తెలుస్తుంది?"

"ఆ ఎర్ర గీత మీదే సార్. అలాగ గీసీవోలు ఇంకెవులూ లేరు. రీవాల్యుయేషన్‌కి ఎట్టుకున్నాను. ఒక మార్కు కలిపేరు, పాసైపోనాను. గానీ ఆ మార్కు వొచ్చీసరికి ఏడాది ఎల్పోనాది."

"చూశావా, న్యాయం జరిగింది," అన్నారు ధనంజయరావు గారు.

నూకరాజు నవ్వాడు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు షాపువాడు నవ్వే నవ్వు. మమ్మల్నిద్దరినీ డబ్బాల్లో సర్ది ఇచ్చాడు. "వారం రోజులు ఇంటికాడ విని చూడండి సార్. ఒకటి ఉంచుకోండి, ఒకటి తెచ్చీండి."

ఆయన ఇల్లు ఎం.వి.పి. కాలనీలో, లిఫ్టు లేని పాత బిల్డింగులో మూడో అంతస్తు. ఇంట్లో ఇద్దరే. ఆయన, ఆయన భార్య భ్రమరాంబ గారు. కూరలూ పాలూ మందులూ అన్నీ ఆవిడే కిందినుంచి మోసుకొచ్చేవారు. ఆయనకి తీరిక లేదు. ఆయన పరీక్ష పెడుతున్నారు.

నూటికి మార్కులు, పది ప్రశ్నలు. తీగవాద్యం, గమకం, మృదంగం, చెవికి హాయి, తలకి బరువు, ఇలా ఒక్కోదానికి పది. అరమార్కులుండవు. అన్నిటికీ ఒకటే వయొలిన్ కచేరీ, మొదటి నలభై సెకన్లు. విని, ఆపి, హెడ్‌ఫోన్ మార్చి, మళ్ళీ మొదటినుంచి. వారంలో ఆ నలభై సెకన్లు వందసార్లు మోగి ఉంటాయి. ఒక మధ్యాహ్నం భ్రమరాంబ గారు చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఆ కచేరీ చివర ఏమవుతుందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు," అన్నారు.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. మంగళవారం కూరల సంచి దించి, గుమ్మం పట్టుకుని నిలబడి, "ఏవండీ, ఈమధ్య మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది," అన్నారు. ఆయన వేలెత్తి చూపించారు, ఒక్క నిమిషం ఆగమని. గురువారం, "ఏవండీ, రెండో అంతస్తులో కూర్చుని రావలసి వచ్చింది. డాక్టరుకి చూపిద్దామా?" అన్నారు. మళ్ళీ అదే వేలు. ఆ రెండుసార్లూ ఆయన చెవుల మీద మూతగాడున్నాడు. వినిపించలేదు. అంతవరకూ నేను ఆయన్ని తప్పుపట్టను.

శనివారానికి తొమ్మిది ప్రశ్నలు పూర్తయ్యాయి. నాకు ఎనభై ఆరు. మూతగాడికి ఎనభై నాలుగు. నేనే గెలుస్తున్నాను. మిగిలింది ఆఖరి ప్రశ్న ఒక్కటే, బయటి శబ్దాన్ని ఆపడం.

"ఇదిగో, నువ్వు వంటింట్లోకి వెళ్ళి నన్ను పిలు," అన్నారు ఆయన.

"ఇక్కడే ఉన్నాను కదా. ఎందుకూ పిలవడం?"

"పరీక్ష. పెద్దగా పిలవాలి. నాలుగు మాటలు మాట్లాడాలి."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా సరే. నాకు వినపడకపోతే అది మంచి హెడ్‌ఫోన్ అన్నమాట."

ఆవిడ ఆయన వంక కాసేపు చూశారు. చేతులు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళారు. ఆయన మూతగాణ్ణి తగిలించుకుని పాట పెట్టారు. నేను బల్ల మీద ఉన్నాను. నాకంతా వినిపించింది.

నలభై మూడేళ్ళ కాపురంలో ఆవిడ భర్తని పేరు పెట్టి పిలవలేదు. రేషన్ కార్డు ఆఫీసులో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేవారట. అలాంటిది ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసి, "ధనంజయరావూ!" అన్నారు. పాట ఆగలేదు. ఆయన మెడ తిరగలేదు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఓ ధనంజయరావూ! నిన్నేనయ్యా!"

తర్వాత నవ్వు ఆపేశారు. "మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చేస్తోంది. డాక్టరుకి చూపిస్తావా, చూపించవా?"

ఆయన మూతగాణ్ణి తీశారు. మొహం వెలిగిపోతోంది.

"ఏమైనా అన్నావా?"

"అన్నాను."

"ఒక్క ముక్క వినపడలేదు! పదికి పది!" ఎర్ర పెన్నుతో వేసేశారు. తర్వాత నన్ను తీసుకున్నారు. "ఇప్పుడు దీనికి. ఇందాక ఏమన్నావో అక్షరం మారకుండా అదే అను."

"అదేనా?"

"ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం ఉండాలి. లేకపోతే దిద్దడం న్యాయం కాదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డబ్బా మీద రాసింది చదివేవాళ్ళు తక్కువ అన్నాను. ఆ ఇంట్లో చదివింది భ్రమరాంబ గారు. పొద్దున్న బల్ల తుడుస్తూ, కళ్ళద్దాలు పెట్టుకుని, నా డబ్బా నాలుగు వైపులా తిప్పి చదివారు. నా వీపు జల్లెడని ఆవిడకి తెలుసు.

అందుకే ఈసారి నవ్వలేదు. గొంతు సవరించుకున్నారు. అరవలేదు. వినపడాలని చెప్పే మనిషి చెప్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పారు. పేరు. మెట్లు. ఆయాసం. డాక్టరు. నేను వయొలిన్ మధ్యలోంచి దారి చేసి, ఒక్కో మాటా ఆయన చెవిలో పెట్టాను. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆయన నన్ను తీసి బల్ల మీద పెట్టారు.

"విన్నారా?" అన్నారు ఆవిడ.

"అంతా విన్నాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తావా?"

"పెద్దగా పిలవమన్నది మీరే. మిగతాది విన్నారా?"

"అన్నీ విన్నాను. స్పష్టంగా విన్నాను."

"మరి?"

"మరేముంది? ఇది పనికిరాదు. తిప్పి పంపెయ్యాలి."

ఆయన నోటుపుస్తకం తెరిచి, పదో ప్రశ్న కింద ఇలా రాశారు. "బయటి మాటలు లోపలికి వచ్చుచున్నవి. పేరు, మెట్లు, ఆయాసం, డాక్టరు. మాటకొక మార్కు చొప్పున నాలుగు తీసివేయడమైనది." నాకు మొత్తం తొంభై రెండు. మూతగాడికి తొంభై నాలుగు. కింద అడ్డంగా గీత గీశారు. నూకరాజు చెప్పిన గీత అదే.

నన్ను డబ్బాలో సర్దింది భ్రమరాంబ గారే. జల్లెడ మీది దుమ్ము కొంగుతో తుడిచారు. "నువ్వు చెప్పావులే," అన్నారు నాతో. మూత వేశారు.

నూకరాజు షాపులో, వాడేసిన సరుకని నన్ను ఎవరూ ముట్టుకోలేదు. చివరికి ఒక పళ్ళ డాక్టరు కొన్నాడు. పగలంతా మిషను చప్పుడు, జనం మూలుగులు విని ఇంటికొచ్చేవాడు. నన్ను తగిలించుకుంటే పక్కగదిలో ఇద్దరు పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడం వినిపించేది. నన్ను మేకుకి తగిలించాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి, "ఇది మామూలుది కాదండీ," అని చెప్పేవాడు. అలా ఎనిమిది నెలలు గోడకున్నాను. మేకు మీద ఉండగా నన్ను అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కొత్త రకం రాగానే నన్ను నూకరాజుకే ఇచ్చి మార్చుకున్నాడు.

ఏడాది తిరిగాక ధనంజయరావు గారు మళ్ళీ ఆ మెట్లెక్కి వచ్చారు. గడ్డం పెరిగి ఉంది. జేబులో ఎర్ర పెన్ను ఉంది.

"ఆ జల్లెడ హెడ్‌ఫోన్ ఉందా నూకరాజూ?"

"ఉంది సార్. మీకేటి, దాంతో పని? అది పనికిరాదన్నారు గదా. మేడమ్ గారు ఎలాగున్నారు?"

ఆయన నిలబడే చెప్పారు. నేను వెళ్ళిన నాలుగు నెలలకి, కూరల సంచితో, ఆవిడ రెండో అంతస్తు మెట్ల మీద కూలబడ్డారు. గుండెలో కవాటం పాడైందట. ముందుగా చూపిస్తే ఆపరేషనుతో బతికేవారన్నారు. రెండో అంతస్తావిడ పైకి పరిగెత్తుకెళ్ళి తలుపు బాదింది. బెల్లు కొట్టింది. ఫోను చేసింది. ఆయన లోపలే ఉన్నారు. నూటికి తొంభై నాలుగు వచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉన్నారు.

నూకరాజు స్టూలు ఆయన వైపు జరిపాడు. "అయితే ఇది ఇప్పుడెందుకు సార్?"

"దీన్లో మా ఆవిడ గొంతు వచ్చింది."

"అది రికార్డు చెయ్యదు గదా సార్."

"తెలుసు. నీకు ఫిజిక్సు చెప్పింది నేనే."

నూకరాజు బీరువా తాళం తీశాడు. బిల్లు రాయలేదు. నన్ను డబ్బాలో పెట్టబోతే, వద్దని ఆయన చేత్తోనే పట్టుకున్నారు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"ఆ ముప్పైనాలుగు నేనే వేసి ఉంటానా?"

"ఏమో సార్. పేపర్ల మీద పేర్లుండవు గదా," అన్నాడు నూకరాజు.

ఇప్పుడు నేను మళ్ళీ ఆ మూడో అంతస్తులో ఉన్నాను. మూతగాడు అటక మీద ఉన్నాడు. ఆయన రోజూ పొద్దున్న ఎనిమిదింటికి, ఆవిడ కూరలు తెచ్చే వేళకి, వంటింటికి ఎదురుగా కుర్చీ వేసుకుని నన్ను తగిలించుకుంటారు. పాట పెట్టరు. నా తీగ దేనికీ తగిలించి ఉండదు. కొస కుర్చీ కింద వేలాడుతూ ఉంటుంది. ఫ్రిజ్ మూలుగు లోపలికి పంపిస్తాను. కుళాయి చుక్క పంపిస్తాను. కింద ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు పంపిస్తాను. వచ్చిందేదీ ఆపుకోను. నా పని అది.

అప్పుడప్పుడు ఆయన తల కొంచెం ఎత్తి, "ఏంటీ?" అంటారు. ఆగుతారు. "చెప్పు, వింటున్నాను," అంటారు.

నేను పంపడానికి అక్కడేమీ లేదు.

నిన్న ఆ నోటుపుస్తకం తీశారు. పదో ప్రశ్న దగ్గర తీసేసిన నాలుగు మార్కుల్నీ కొట్టేసి, పక్కన పదికి పది అని వేసి, సంతకం పెట్టారు. మొత్తం తొంభై ఆరు. నేను మొదటివాణ్ణి. ఆయన ఆ పేజీని నాకు చూపిస్తున్నట్టుగా బల్ల మీద తెరిచి ఉంచారు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. వణికితే వణికింది.

ఆ మార్కులు నాకక్కర్లేదు. నేనాయన్ని క్షమించలేదు, క్షమించను. నన్ను తలకి పెట్టుకున్నంతకాలం మెట్ల మీద ఏ అడుగు పడినా వినిపిస్తాను. అంతవరకే మా ఇద్దరికీ సంబంధం.

మీరు విన్నారు కాబట్టి ఒకసారి చెప్పాను. ఈ సంగతి ఇంక నేను ఎత్తను. మీరూ ఎత్తకండి.